మగవాళ్ళ వరుసలో ఎర్రదీపం

మగవాళ్ళ సీసాల్లో ఒకటి ఎర్రగా వెలిగింది.

అప్పటిదాకా ప్రయోగశాలంతా పండగలా ఉంది. హనుమకొండ శివారులో, మూతబడిన నూలుమిల్లు గోదాములను బాగుచేసి కట్టిన పరిశోధనా కేంద్రం అది. డాక్టర్ మంజీర, ఆవిడ బృందం పదేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రానికి ఆ రోజు ఆఖరి పరీక్ష. దాని పేరు పసి. వాసన పసిగడుతుంది కాబట్టి పసి. గర్భాశయ ముఖద్వారంలో కణాలు దారి తప్పడం మొదలుపెట్టగానే, ఇంకా పుండుగా మారకముందే, ఒంట్లోకి ఒక రకమైన ఆవిరిని వదులుతాయి. అది మూత్రంలోకి దిగుతుంది. మనిషి ముక్కుకు అందనంత సన్నటి వాసన. రెక్కలొచ్చిన పట్టుపురుగు మీసాల్లో వాసన పట్టే ప్రోటీన్లను గాజుపలక మీద పెంచి, ఆ పలకనే ముక్కుగా అమర్చారు పసికి. చిన్న సీసాలో మూత్రం పోసి పెడితే చాలు. గోరువెచ్చగా కాచి, ఆవిరి పీల్చి, పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. బల్ల మీద పడుకోనక్కర్లేదు. లోపలికి ఇనుప పరికరం పెట్టించుకోనక్కర్లేదు.

జబ్బు లేనివాళ్ళకు ఉందని పసి చెప్పదని రుజువు చేయడానికి, ఆడవాళ్ళ సీసాల తరవాత మగవాళ్ళవి పెట్టారు. గర్భాశయమే లేనివాళ్ళకు ఆ జబ్బు వచ్చే వీల్లేదు కదా. అన్నీ పచ్చగా రావాలి. కేంద్రంలో పనిచేసే మగవాళ్ళందరూ, వాచ్‌మన్ నుంచి అకౌంటెంట్ దాకా, తలా ఒక సీసా ఇచ్చారు. సీసాల మీద పేర్లు లేవు, నంబర్లే. ఎవరి నంబరు వాళ్ళకు మాత్రమే తెలుసు.

పదిహేడో నంబరు ఎర్రగా వెలిగింది.

"సీసా సరిగ్గా కడగలేదేమో. మళ్ళీ పెట్టండి," అంది మంజీర.

మళ్ళీ పెట్టారు. ఎరుపే. పలక మార్చి పెట్టారు. మళ్ళీ ఎరుపే.

మంజీర కుర్చీలో కూలబడింది. "వచ్చే వారం ఆమోద సంఘం ముందు కూర్చోవాలి. మగవాడికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అంటున్న యంత్రాన్ని చూసి వాళ్ళు నవ్వుతారు." కాసేపు నుదురు రుద్దుకుని, కంప్యూటర్ ముందున్న యువకుడి వైపు తిరిగింది. "ఓదెలూ, దీనికింత బాధెందుకు? నువ్వొక్క లైను రాసెయ్. మనిషి వివరాల్లో మగ అని ఉంటే ఫలితం చూపించకుండా పచ్చదీపం వెయ్యమను. అయిపోతుంది."

"సరే మేడం," అన్నాడు ఓదెలు.

వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి గానీ కదల్లేదు. పసికి ఏ వాసన ఏమిటో నేర్పిన ప్రోగ్రామరు అతనే. ఏ గీత ఎక్కడ లేస్తే ఏమిటో అతనికి తెలిసినంతగా ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెర మీద పదిహేడో నంబరు గీత చూస్తూనే అది పొరపాటు కాదని అతనికి అర్థమైంది. పదిహేడు అతనిదే.

తలనొప్పిగా ఉందని చెప్పి లేచి వచ్చేశాడు.

ఓదెలుకు ముప్పై నాలుగేళ్ళు. సమ్మక్క కడుపున ఆడపిల్లగా పుట్టాడు. ఇరవై రెండో ఏట తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి తాను ఆడపిల్లను కానని చెప్పి, తాత పేరు తన పేరుగా పెట్టుకున్నాడు. హార్మోను ఇంజెక్షన్లతో గొంతు మారింది, గడ్డం వచ్చింది. ఛాతీకి ఆపరేషన్ చేయించుకున్నాడు. గర్భాశయం జోలికి మాత్రం పోలేదు. ఆస్పత్రుల్లో అడిగే ప్రశ్నలకు విసిగి, ఇక చాలనుకున్నాడు. ఆధార్ నుంచి ఉద్యోగపు కార్డు దాకా అన్నింటిలోనూ మగవాడే. కేంద్రంలో ఎవరికీ తెలియదు. సీసా ఇవ్వనంటే ఎందుకని అడుగుతారని ఇచ్చాడు. మధ్యమధ్య బట్టల మీద రక్తపు చుక్కలు కనిపిస్తున్నా, ఇంజెక్షన్ల వల్లేమోనని సరిపెట్టుకుంటూ వచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి సమ్మక్క వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఆర్టీసీ డిపో క్యాంటీన్‌లో వంటచేసి రిటైరైన మనిషి. పనిచేయకుండా కూర్చోవడం ఆమెకు రాదు.

"గింత జల్ది వచ్చినవేందిరా?"

ఓదెలు చెప్పులు విడిచి ఆమె పక్కనే కూర్చుని, తానూ నాలుగు కాయలు తీసుకున్నాడు. "అమ్మా, నాకు గర్భసంచి మూతి కాడ జబ్బు ఉన్నట్టుంది."

"ఎవరు చెప్పిండ్రు?"

"మా మిషిన్."

"మిషిన్‌కు ఏం ఎరుక?"

"దానికి నేర్పింది నేనే గదనే."

సమ్మక్క చేతిలో కాయ ఆగిపోయింది. "రక్తం పడుతుందా?"

"అప్పుడప్పుడు."

"ఎప్పటిసంది?"

అతను తల వంచుకుని ఇంకో కాయ ఒలిచాడు. ఆమెకు అర్థమైంది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే దవాఖానకు పోదాం పా అంటవు."

"అంటా. అనకపోతే చేతులు సంకల వెట్టుకొని కూసుంటనా? నిన్ను కొడుకని ఒప్పుకునెటానికి నాకు మూడేండ్లు పట్టింది. దవాఖానకు పోయెటానికి నువ్వు ఒప్పుకోవాలంటే ఎన్నేండ్లు కావాలె నీకు?" గొంతు పెద్దదైంది గానీ, కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం తల పక్కకు తిప్పుకుంది.

ఓదెలు తనను రాయమన్న లైను గురించి కూడా చెప్పాడు.

"అది రాస్తే ఏమైతది?"

"నాలాంటోళ్ళు ఎవరు పోయినా ఏం లేదని పచ్చదీపం వేస్తది."

"జబ్బున్నా?"

"ఉన్నా."

సమ్మక్క చేటను పక్కకు నెట్టింది. "రాయకు. నౌకరి పోతే పోనియ్. రాయకు."

మర్నాడు పొద్దున మంజీర గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు ఓదెలు.

"మేడం, పదిహేడో సీసా నాది."

"ఎవరిదైతేనేం ఓదెలూ? ఎక్కడో ఏదో కలిసింది."

"ఏమీ కలవలేదు. నాకు గర్భాశయం ఉంది. నేను ట్రాన్స్ మనిషిని."

మంజీరకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థం కాగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అంటే పసి తప్పు చెప్పలేదు! మనమే..." అంటూ రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, చప్పట్లు కొట్టబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది.

ఆ క్షణాన్ని ఓదెలు చాలాకాలం మరిచిపోలేకపోయాడు. ఆరేళ్ళుగా కలిసి పనిచేసిన మనిషి ముందు తాను మనిషిలా కాకుండా ఒక రుజువులా నిలబడ్డట్టు అనిపించింది.

"తప్పయింది," అంది మంజీర చిన్నగా. "కూర్చో. ముందు నీ సంగతి చూద్దాం. నా క్లాస్‌మేట్ ఉంది, ఆడవాళ్ళ... అదే, గర్భాశయ వైద్యురాలు. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

ఆస్పత్రిలో ఆ విభాగం బయట బెంచీల నిండా ఆడవాళ్ళే. గడ్డం, మీసం ఉన్న మనిషి ముసలితల్లితో వచ్చి నిలబడేసరికి మాటలు ఆగిపోయాయి. వార్డు అటెండరు వచ్చాడు.

"అన్నా, మగోళ్ళు బయట కూసోవాలె. పెద్దమ్మను లోపటికి పంపియ్."

"నేను కాదు, పేషెంట్ వాడే," అంది సమ్మక్క.

"పెద్దమ్మా, ఇది ఆడోళ్ళ ఓపీ."

"గర్భసంచి ఉన్నోళ్ళ ఓపీ అని రాయుండ్రి ఆ బోర్డు మీద. మా వానికి ఉన్నది. అండ్ల నీదేం పోయింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఓదెలుకు వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు అప్పుడే గేటు వైపు తిరిగాయి కూడా. అంతలో బెంచీ చివర కూర్చున్న నిండు గర్భిణి ఒకామె, నడుము పట్టుకుని పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో అన్నా. డాక్టరమ్మ ఇంకా రాలే."

అతను కూర్చున్నాడు.

డాక్టరు ప్రతి పనికీ ముందు చెప్పింది, అడిగింది, అతను సరే అన్నాకే చేసింది. ఇదివరకు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, ఐదేళ్ళ కిందట ఒకసారి చేయించుకున్నానని, నమూనా సరిపోలేదు మళ్ళీ రమ్మన్నారని, ఆ నొప్పి మళ్ళీ పడలేక పోలేదని చెప్పాడు.

"హార్మోను వల్ల లోపలి పొర పలచబడుతుంది," అంది ఆవిడ. "పొడిబారుతుంది, అందుకే అంత నొప్పి. కణాలు సరిగ్గా రావు, రిపోర్టు సరిపోలేదని వస్తుంది. చాలామంది అక్కడితో మానేస్తారు. తప్పు మీది కాదు. ఆ మాట మీకు అప్పుడే ఎవరైనా చెప్పాల్సింది."

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పసి చెప్పిందే నిజమైంది. క్యాన్సరే, కానీ మొదట్లోనే దొరికింది. ఆపరేషన్ చేసి గర్భాశయం తీసేస్తే నయమవుతుందని, ఇంకొన్నాళ్ళు చూస్తూ ఊరుకుని ఉంటే మాత్రం తాను ఇంత ధైర్యంగా చెప్పగలిగేదాన్ని కాదని డాక్టరు అంది.

ఆపరేషన్‌కు ముందే ఆమోద సంఘం సమావేశం వచ్చింది. ఆ లైను రాయనని ముందే చెప్పేసి, మంజీరతో హైదరాబాద్ బయలుదేరాడు ఓదెలు. కారు భువనగిరి దాటాక మంజీర అంది.

"నేను దాచుకోకుండా చెప్తాను ఓదెలూ. ఈ యంత్రం ఒక్కో వారం ఆలస్యమైతే ఎంతమంది ఆడవాళ్ళ జబ్బు ముదురుతుందో నా దగ్గర లెక్క ఉంది. మా పిన్ని దీంతోనే పోయింది. నీ వైపు నిలబడాలని ఉంది. కానీ వాళ్ళ ముఖాలు కూడా కనపడుతున్నాయి."

"నాకూ కనపడుతున్నాయి మేడం. ఆ బెంచీ మీద వాళ్ళ పక్కనే కూర్చుని వచ్చిన."

"మరి?"

"వాళ్ళను ఆపమని నేను అడుగుతలేను. మమ్మల్ని తోసెయ్యొద్దని అడుగుతున్న."

సంఘం అధ్యక్షుడు పెద్దాయన, మర్యాదస్తుడు. అంతా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ పరిస్థితికి నాకు నిజంగా బాధగా ఉంది బాబూ. కానీ మీలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు? ఇప్పటికి ఆ నియమం పెట్టేద్దాం. మగ అని ఉంటే ఫలితం చూపించదు. ఈ రోజే సంతకం పెడతాను, రేపటి నుంచి యంత్రాలు జిల్లాలకు వెళ్తాయి. మీ విషయం తరవాత చూద్దాం."

"తరవాత అంటే ఎప్పుడు సార్?" అన్నాడు ఓదెలు.

అధ్యక్షుడు తెలియదన్నట్టు చేతులు చాపాడు.

ఓదెలు లేచి నిలబడ్డాడు. "ఒకసారి యంత్రంలోకి ఎక్కిన నియమాన్ని తీయించడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ లైను నేను రాయను. నా ఉద్యోగం తీసేసి వేరేవాళ్ళతో రాయించుకోవచ్చు. కానీ రాసేవాళ్ళకు చెప్పి రాయించండి, అది ఎవరి ప్రాణం తీస్తుందో. ఆ లైను ముందే ఉంటే నాకు పచ్చదీపం వెలిగేది సార్. నేను సంతోషంగా ఇంటికి పోయేవాణ్ణి. పోయి చచ్చిపోయేవాణ్ణి."

ఓదెలు అధ్యక్షుడి వైపు ఒక అడుగు వేశాడు.

"నేనడిగేది పెద్దదేమీ కాదు. పసి మనుషుల్ని ఆడా మగా అని అడుగుతుంది. అది మానేసి, గర్భాశయ ముఖద్వారం ఉందా లేదా అని అడగనివ్వండి. ఆపరేషన్‌లో తీయించుకున్న ఆడవాళ్ళకు కూడా అదే సరైన ప్రశ్న."

సభ్యుల్లో ఒకావిడ ముందుకు వంగింది. "ప్రశ్న సబబుగానే ఉంది. కానీ హార్మోను తీసుకుంటున్న ఒంటి వాసన వేరుగా ఉండొచ్చు. మీ ఒక్కరి సీసా చూసి యంత్రం అందరికీ నిజమే చెప్తుందని మేమెలా నమ్మాలి? ఇంకో ముప్పై మందివి చూపించండి."

"వచ్చే సమావేశం రెండు నెలలకు," అన్నాడు అధ్యక్షుడు. "ముప్పై మంది రాకపోతే ఆ నియమం పెట్టాల్సిందే. ఈలోపు ఆలస్యానికి బాధ్యత ఎవరిది?"

"నాది," అంది మంజీర. ఓదెలు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. "రెండు నెలలు ఆగుతాను. తప్పు నేర్పిన యంత్రాన్ని పంపడానికి నేను పదేళ్ళు పనిచేయలేదు."

ఆ వార్త వాళ్ళిద్దరికంటే ముందే హనుమకొండ చేరింది. రోజూ కలిసి టిఫిన్ బాక్సులు విప్పుకునేవాళ్ళలో ఇద్దరు వేరే బల్లకు మారారు. ఒకడు పాత ఫోటో ఉంటే చూపించమని నవ్వుతూ అడిగాడు. ఓదెలు అన్నం తినడం ఆపి, "నీ పెండ్లాం రిపోర్టులు చూపియ్యి, నేను ఫోటో చూపిస్త," అన్నాడు. వాడు మళ్ళీ అడగలేదు. అయినా ఆ రోజు అతనికి అన్నం సహించలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. జబ్బు ఇంకెక్కడికీ పాకలేదని డాక్టరు చెప్పినప్పుడు సమ్మక్క ఆమె చేతులు పట్టుకుని వదల్లేదు. ఓదెలు మాత్రం మంచం మీద నుంచే ఫోన్ పట్టుకున్నాడు. తెలిసిన నలుగురితో మొదలుపెట్టి, వాళ్ళకు తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు అంటూ జిల్లాలన్నీ తిరిగాడు ఫోన్లోనే. ఎక్కువమంది భయపడ్డారు. నిజామాబాద్‌లో బస్సు కండక్టరుగా చేసే కుర్రాడు, "అన్నా, నాకు పెండ్లయింది. మా అత్తగారింట్ల ఎవ్వరికీ తెల్వదు," అని పెట్టేశాడు. పేరు ఎక్కడా రాయబోమని, నంబరే ఉంటుందని, ఫలితం వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పబోమని మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

అందరికంటే కష్టమైంది యాదగిరితో. జనగామలో ప్యాంట్లు, షర్టులు కుట్టే టైలరు. యాభై దాటిన మనిషి. తమలాంటివాళ్ళకు ఒక పేరుంటుందని కూడా తెలియని రోజుల్లోనే జుట్టు కత్తిరించుకుని, ఊరు విడిచి, మగవాడిగా బతికినవాడు. చుట్టుపక్కల కుర్రాళ్ళందరికీ పెద్దన్న. ఆయన సరేనంటే చాలామంది వస్తారు.

"తమ్మీ, మగోనిగ బతకాలని అమ్మ నాయినను ఇడిసిన," అని ఫోన్లోనే కేకలేశాడు. "ఇప్పుడు ఆడోళ్ళ రోగం తెచ్చి నా మీద వెడ్తవా?"

"రోగానికి మనం ఎవరమో తెల్వదన్నా. ఒంట్ల చోటుంటే చాలు దానికి."

"నాకేం లేదు. వెట్టెయ్."

ఆయన గొంతులో కోపం కంటే ఇంకేదో ఎక్కువ వినిపించింది ఓదెలుకు.

పరీక్ష రోజు మధ్యాహ్నం, గేటు దగ్గర ఒకదాని వెనక ఒకటిగా ఐదు ఆటోలు ఆగాయి. ముందు దిగింది యాదగిరే. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన చెప్పులు. ఆయన వెనక ఒక్కొక్కరే దిగారు. జిమ్ ట్రైనర్, డిగ్రీ చదివే కుర్రాడు, చేపల వ్యాపారి, చివరికి నిజామాబాద్ కండక్టరు కూడా. ఎవరు ఎవరినీ కళ్ళలోకి చూడటం లేదు. "ఏం పని మీద వచ్చిండ్రు?" అని వాచ్‌మన్ అడిగితే, "పరీక్షకు. తలుపు తియ్," అన్నాడు యాదగిరి.

ఆ ముప్పై సీసాలే తరవాతి సమావేశంలో అధ్యక్షుడి చేత సంతకం పెట్టించాయి. హార్మోను తీసుకున్నవాళ్ళ ఒంటి వాసన పసిని తికమక పెట్టలేదని తేలింది. ఆడా మగా అన్న ప్రశ్న తీసేసి, ఓదెలు అడిగిన ప్రశ్నతోనే యంత్రాలు జిల్లాలకు వెళ్ళాయి. కానీ ఆ మధ్యాహ్నం అదంతా ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం ఒక్కొక్కరినీ విడిగా చిన్నగదిలోకి పిలిచి, ఫలితం చెప్పి పంపుతున్నాడు ఓదెలు. పచ్చ, పచ్చ, పచ్చ. బయటికి వెళ్ళినవాళ్ళు వరండాలో ఊపిరి పీల్చుకుని, మొదటిసారి ఒకరినొకరు పేర్లు అడుగుతున్నారు.

యాదగిరి సీసాకు ఎర్రదీపం వెలిగింది.

ఓదెలు ఇంకోసారి పెట్టి చూశాడు. తరవాత ఆయన్ను పిలిచి, కుర్చీ చూపించి, చెప్పాడు. ఇది ఆఖరి మాట కాదని, డాక్టరు చూసి తేల్చాలని కూడా చెప్పాడు. యాదగిరి లేచి, వెనక తలుపులోంచి బయటికి నడిచాడు. ఆపరేషన్ గాయం ఇంకా సలుపుతున్నా ఓదెలు పొట్ట పట్టుకుని ఆయన వెనకే పరుగెత్తి, గోడ మలుపులో అందుకున్నాడు.

"రక్తం పడుతుందా అన్నా?"

"ఏడాదిసంది," అన్నాడు యాదగిరి గోడ వైపు చూస్తూ. "కొట్టుకు తాళమేసి, నా బట్టలు నేనే ఉతుక్కుంటున్న. ఎవనికి చెప్పాలె? దవాఖానల చీర కట్టిపిస్తరేమోనని భయం. సచ్చినంక నన్ను ఆడదాని లెక్క పండవెడ్తరేమోనని భయం. నా షాపు మీద యాదగిరి టైలర్స్ అని ఉంది తమ్మీ. ఆ పేరు పోతది."

"పోదు."

"నీకెట్ల ఎరుక?"

"నా పేరు పోలే. దవాఖాన చీటీ మీద బండారి ఓదెలు అనే రాసిండ్రు. రాయనన్నోళ్ళతోని మా అమ్మ రాయిపిచ్చింది. నీకు కూడా రాయిపిస్తం. రాయకపోతే అక్కడ్నే కూసుంటం."

"జబ్బు ముదిరి ఉంటే?"

ఓదెలు ఆయన పక్కనే గోడకు ఆనుకున్నాడు. "తెల్వదన్నా. ముదిరినా నీతోని ఉంట."

గోడకు అవతల వరండాలో కుర్రాళ్ళు దేనికో పెద్దగా నవ్వారు. యాదగిరి ఆ నవ్వు వచ్చిన వైపు చూశాడు. తరవాత జేబులోంచి రుమాలు తీసి ముఖం గట్టిగా తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు మగోనిగ బతకాలని కొట్లాడిన," అన్నాడు. "బతకాలని కొట్లాడుడు ఇంకా షురూ చేయలే. ఆ డాక్టరమ్మ ఇప్పుడుంటదా?"

"ఉంటది."

"ఇప్పుడే పోదాం. అందరి ముందుకెల్లే పోదాం. పోరలకు ఎరుక కావాలె, ముసలోడు భయపడలేదని."

ఎవరి కంటా పడకుండా పోవచ్చని ఓదెలు వెనక గేటు వైపు చూశాడు. యాదగిరి అప్పటికే వరండా వైపు తిరిగి, చొక్కా సర్దుకుని నడవడం మొదలుపెట్టాడు.